ఒక్క కన్ను వదిలిన తీగ

మేము అద్దెకున్న ఇల్లు న్యూజీలాండ్‌లో, న్యూ లిన్ నుంచి కారులో పావుగంట దూరంలో, ఒక ద్రాక్షతోట వెనక ఉండేది. దాన్ని తోట అనే అనాలి. పెరడు అంటే ఓనరు ముసలాయన ఊరుకునేవాడు కాదు. నిజానికి అప్పటికి మిగిలింది ఎకరంలోపే. మిగతాదంతా ముక్కలై, ఒకే అచ్చులో పోసినట్టున్న కొత్త ఇళ్ళు మూడు వైపులా లేచాయి. నాలుగో వైపు మేము.

మా ఆయనకు వారమంతా వెల్లింగ్టన్‌లో కాంట్రాక్టు పని. శుక్రవారం సాయంత్రం వచ్చి సోమవారం పొద్దున్నే వెళ్ళిపోయేవాడు. మధ్య రోజుల్లో నేను ఆఫీసు నుంచి వచ్చాక మాట్లాడే మనిషి ఎవరంటే ఆ ముసలాయనే. ఎనభై దాటినవాడు, భార్య పోయి ఎక్కువ కాలం కాలేదు. ఈ దేశంలో చిన్నా పెద్దా లేకుండా అందర్నీ పేరు పెట్టి పిలుస్తారు. నాకు నోరు రాక అంకుల్ అనేదాన్ని. "నా తోడబుట్టినవాళ్ళెవరూ బతకలేదు. నన్ను అంకుల్ అన్న మొదటి మనిషివి నువ్వే" అని నవ్వేవాడు. ఆ నవ్వులో సగం దగ్గే ఉండేది.

ఆయన తండ్రిది డాల్మేషియా. ఇప్పుడు క్రొయేషియా అంటున్న దేశంలో సముద్రం ఒడ్డున ఒక దీవి. అక్కడ తీగలకు తెగులొచ్చి తోటలు పోతే అన్నదమ్ములిద్దరు ఊరు విడిచారు. వాళ్ళ నాన్న ఇంటి గోడకు పాకిన ఒక్క నల్లద్రాక్ష తీగ మిగిలిందట. దాని కొమ్మలు చెరొక కట్ట కోసుకుని తడిగుడ్డలో చుట్టుకుని చెరొక ఓడ ఎక్కారు. అన్న చిలీకి వెళ్ళాడు, ఎడారిలో సురేకారం తవ్వడానికి. తమ్ముడు, అంటే ముసలాయన తండ్రి, న్యూజీలాండ్‌కు వచ్చాడు, బురదలో పూడుకుపోయిన కౌరీ చెట్ల బంక తవ్వడానికి. తవ్వడం తప్పలేదు ఇద్దరికీ. కాకపోతే ఇక్కడి తడి నేలలో తమ్ముడి కొమ్మలు చిగిర్చాయి. వాన ఎరగని ఆ ఎడారిలో అన్నవి చిగిర్చకుండానే ఎండిపోయాయి.

ఆ అన్న కొడుకు చిలీలో బతికే ఉన్నాడు. ముసలాయన అతన్ని కజిన్ అనేవాడు. పెదనాన్న కొడుకు మన లెక్కలో అన్నే కదా, నేను చిలీ అన్న అని పేరు పెట్టుకున్నాను. ఆ చిలీ అన్న బతుకంతా ఒక షెడ్డులో గడిచింది. దేశదేశాలకు ఓడల్లో పోయే ద్రాక్షను కాడ కత్తిరించి, పాడైన కాయ ఏరి, పెట్టెల్లో సర్దే పని. ఎవరెవరి ద్రాక్షో లోకమంతా పంపించాడు గానీ, సొంత తాత ద్రాక్ష ఒక్క కాయ నోట్లో వేసుకోలేదు. ఆదివారం ఆదివారం ఈ ఇద్దరూ ఫోనులో అరుచుకునేవాళ్ళు, ఆ దీవి యాసలో. అది వీళ్ళ పిల్లలకు రాదు. ఇక్కడివాళ్ళకు ఇంగ్లీషు, అక్కడివాళ్ళకు స్పానిష్. "మా ఇద్దరిలో ఒకరు పోతే రెండోవాడు గోడతో మాట్లాడుకోవాలి" అనేవాడు ముసలాయన.

తోట అమ్మేశారు. ముసలాయన కొడుకు అమ్మించాడు అనాలి. కొడుకంటే కుర్రాడు కాదు, తనకే మోకాళ్ళు అరిగిన ప్లంబరు. అతన్ని తిట్టుకోవడానికి నేను చాలా ప్రయత్నించాను కానీ కుదరలేదు. తండ్రిని చూసుకునేదీ అతనే, ఆదివారం కూర వండి తెచ్చేదీ అతనే. ముసలాయన ఒకే ఒక్క మాట గెలిపించుకున్నాడు. ఈ ఆఖరి కాపు కోశాకే నేల అప్పగించాలని. కోతవేళకు చిలీ అన్న రావాలి, తన చేత్తో తాత తీగ నుంచి ఒక గుత్తి కొయ్యాలి. అంతకు ముందు ఏడు వానకు కాయంతా కుళ్ళింది. ఆ ముందటేడు భార్య మంచాన ఉంది, తోట మొహం చూసినవాళ్ళు లేరు. ఆ తర్వాత ఇక తోటే ఉండదు. కాబట్టి ఈ ఒక్క కాపే.

ఆ చలికాలం మొదట్లో, అంటే ఇక్కడ జూన్‌లో, మా నాయిన వచ్చాడు.

మా నాయినది శంషాబాద్ అవతల. నాలుగెకరాల పందిరి, అనాబెషాహీ ద్రాక్ష. విమానాశ్రయం వస్తుందనగానే మా చిన్నాయినలు ఒక్కటయ్యారు, నాయిన సంతకం పెట్టాడు, అంతా ప్లాట్లయింది. పందిరిని మోసిన రాతి కడీలు పీకి లారీకెత్తుతుంటే దగ్గరుండి ఎత్తించాడట. ఆ రోజు అన్నం తినలేదు, మర్నాడు తిన్నాడు, కానీ ఆ తర్వాత ఏ పనీ మొదలుపెట్టలేదు. అమ్మ ఎప్పుడో పోయింది. మా తమ్ముడి ఇంట్లో టీవీ ముందు కూర్చుని, అది ఆపేసినా కూర్చునే ఉంటున్నాడని మరదలు చెబితే విజిటర్ వీసా తీసి పిలిపించుకున్నాను.

వచ్చిన మర్నాడే తోటలోకి వెళ్ళాడు. ఆకు ఒక్కటి లేదు. మా వైపు ద్రాక్ష ఏడాది పొడుగునా ఎంతో కొంత పచ్చగానే ఉంటుంది, ఇట్లా మోడులా నిలబడదు. నాయిన గోటితో కొమ్మ గీరి చూసి, "పానముంది. పండుకున్నది గంతే" అన్నాడు. తర్వాత వరసగా నిలబెట్టిన కర్రల మధ్య లాగిన తీగలు చూసి నవ్వాడు. "ఏందిది బిడ్డా, బట్టలారేసే దండెం లెక్క? పందిరెయ్య రాదా వీళ్ళకు?" నాయిన నవ్వగా విని ఎన్నాళ్ళయిందో నాకే గుర్తు లేదు.

వరస చివర గులాబీ రిబ్బను కట్టిన చిన్న కర్రమేకు కనిపించింది. నాయిన దాని దగ్గర ఆగాడు. మా ఊళ్ళో ప్లాట్ల హద్దులకు సున్నం కొట్టిన రాళ్ళు పాతారు, ఇక్కడ మేకులు. అదేమిటో ఆయనకు నేను చెప్పాల్సిన అవసరం రాలేదు.

తర్వాత కొన్నాళ్ళకే ముసలాయన షెడ్డులో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆసుపత్రిలో చూడబోతే తుంటి గురించి ఒక్క మాట లేదు, అంతా తోట గురించే. కత్తిరింపు వేళ దాటిపోతోంది, కొడుకు ఎలాగూ పీకేసేదానికి ఎందుకంటున్నాడు, కత్తిరించకపోతే కాపు రాదు. నేను మా నాయిన సంగతి చెప్పాను. ఆయన కళ్ళు ఒక్కసారి వెలిగాయి. రేపే తీసుకురా అన్నాడు.

తీసుకెళ్ళాను. ఆ కలయిక ఇప్పటికీ నాకు కళ్ళకు కట్టినట్టుంది. ముసలాయన మంచం మీద, నాయిన పక్కన కుర్చీలో కోటు విప్పకుండా. ఒకరి మాట ఒకరికి రాదు. ముసలాయన చెయ్యి చాచి, నాయిన అరచెయ్యి తిప్పి, కాయలు కాచిన చోట బొటనవేలితో నొక్కి చూశాడు. నాయిన కూడా ఆయన చెయ్యి తీసుకుని అదే పని చేశాడు. ఎన్నేళ్ళు పండించావని ముసలాయన అడిగాడు. నలభై అని నేను చెప్పాను. అంతే, తలగడ కింద నుంచి షెడ్డు తాళంచెవి తీసి నాయిన చేతిలో పెట్టాడు. ఎలా కత్తిరించాలో ముసలాయన చెప్పలేదు, నాయిన అడగలేదు. నలభై ఏళ్ళు ద్రాక్ష పండించినవాడికి కత్తెర పట్టడం నేర్పితే అవమానించినట్టే, అడిగితే తనను తాను అవమానించుకున్నట్టే.

ఆ తర్వాత రెండు వారాలూ నాయిన మనిషి మారిపోయాడు. చలికి నా ఉన్ని టోపీ పెట్టుకుని, ముసలాయన రబ్బరు బూట్లేసుకుని, పొద్దున్నే కత్తెరతో దిగేవాడు. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి కోసిన కొమ్మలు కట్టలు కట్టి వరసగా పేర్చి ఉండేవి. నాలుగు రొట్టెలు తిని ఇంకొకటి వెయ్యమనేవాడు. ముసలాయన కొడుకు ఒకసారి వచ్చి చూసి, "మా నాన్న కన్నా శుభ్రంగా కోశాడు" అన్నాడు. నేను గర్వంతో పొంగిపోయాను. అంత శుభ్రంగా ఉన్నందుకే అనుమానం రావాలని మాలో ఒక్కరికీ తట్టలేదు.

వసంతంలో తీగలు విరగబడి చిగిర్చాయి. అక్టోబరు చివర్లో ముసలాయన నడవడానికి పట్టుకునే వాకర్‌తో ఇంటికొచ్చాడు. కారు దిగి ఇంట్లోకి పోకుండా నేరుగా తోటలోకే పోయాడు. నాయిన ఉతికిన చొక్కా వేసుకుని ముందు నడిచాడు, పెళ్ళిచూపులకు పిల్లను చూపించేవాడిలా. ముసలాయన మొదటి తీగ ఆకు ఎత్తి చూశాడు. పక్క కొమ్మ ఆకు ఎత్తాడు. రెండో తీగ. మూడోది. ఆ వేళకు ఆకు చాటున మిరియాల గుత్తిలాంటి పూత కనపడాలి. ఎక్కడా లేదు. అంతా ఆకే.

"ఎన్ని కళ్ళు వదిలాడో అడుగు" అన్నాడు నాతో. కొమ్మ మీద చిగురు పుట్టే చోటును కన్ను అనడం ఇద్దరిదీ ఒకటే అలవాటు.

అడిగాను. నాయిన నవ్వుతూ చూపుడువేలు ఎత్తాడు. "ఒక్కటే. మంచిగ గట్టిగ గోసిన. ఇప్పుడు కొమ్మ బలంగ ఎదుగుతది. ఇగ కాయ కత్తిరింపు మల్ల జేద్దాం, తొందరేం లేదని చెప్పు."

మా వైపు ద్రాక్షకు ఏడాదికి రెండు కత్తిరింపులు. ఎండాకాలంలో ఒక్క కన్ను వదిలి మొత్తం కోసేస్తారు, అది కొమ్మ కోసం. చలికాలం ముందర మళ్ళీ కోస్తారు, అది కాయ కోసం. ఆకు లేని తీగను చూసి నాయిన అది మొదటి కత్తిరింపు వేళ అనుకున్నాడు. రెండోది ఉంటుందని అనుకోవడానికి ఆయనకు ఆలోచన కూడా అక్కర్లేదు, పొద్దున తర్వాత మధ్యాహ్నం వస్తుందని అనుకోం కదా మనం, వస్తుందంతే.

నేను ఆ మాట ఇంగ్లీషులోకి మార్చి చెబుతుండగా ముసలాయన మెల్లగా వాకర్ సీటు మీద కూర్చున్నాడు. కూర్చుని రెండు చేతులూ ఎత్తి పది వేళ్ళూ చాపాడు. ఇక్కడ ఏడాదికి ఒక్కసారే కోస్తారు. ఈ తీగ మొదటి కళ్ళలో కాయదు, నాలుగైదు కళ్ళు దాటాకే కాస్తుంది, అందుకే పది వదులుతారు. ఇదంతా నేను తెలుగులో చెప్పాల్సిన పని పడలేదు. నాయిన ఆ పది వేళ్ళ వంక చూశాడు, ఇంకా పైకే ఉన్న తన ఒక్క వేలు వంక చూసుకున్నాడు, దాన్ని మెల్లగా దించాడు.

ముసలాయన తిట్టి ఉంటే బాగుండేది. వాకర్ నెట్టుకుంటూ ఇంట్లోకి పోయి తలుపు వేసుకున్నాడు. నాకు కోపం ముంచుకొచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. ఆ శుక్రవారం విమానం ఆలస్యమై వచ్చిన మా ఆయన మీద దాన్నంతా కక్కేశాను. పాపం, ఆయనకు కన్ను ఏమిటో కాపు ఏమిటో కూడా తెలియదు.

నాయిన ఊరుకోలేదు. ఒక్క తీగకు రెండో కత్తిరింపు చేసి చూస్తానన్నాడు, ముసలాయన సరే అన్నట్టు చెయ్యి ఊపాడు. కోశాడు. దాని మొదట్లో నీళ్ళు పోశాడు, పొద్దున సాయంత్రం పోయి చూశాడు. మళ్ళీ చిగిర్చింది, మళ్ళీ ఆకే వచ్చింది. ఎండ చాలని వేసవి అది. జనవరి దాటాక నాయిన ఆ తీగ దగ్గరికి పోవడం మానేశాడు. ఆపేసిన టీవీ ముందు మళ్ళీ కూర్చున్నాడు, ఈసారి మా ఇంట్లో.

ఆదివారం ఫోనులు మాత్రం ఆగలేదు. ముసలాయన ఎప్పట్లాగే అరుస్తున్నాడు, నవ్వుతున్నాడు కూడా. కాపు సంగతి చెప్పారా అని ఒకరోజు అడిగాను. "బ్రహ్మాండంగా ఉందని చెప్పాను" అన్నాడు. నేను తెల్లబోయాను. "లేదని చెబితే వాడు రాడు. వాడు వచ్చేది నా కోసం కాదు, గుత్తి కోసం. ఈ ఏడు రాకపోతే ఇక మేము చూసుకోం."

మార్చి మొదట్లో చిలీ అన్న వచ్చాడు. ముసలాయన కొడుకు విమానాశ్రయానికి వెళ్ళిన ఆ ఉదయం నేను సెలవు పెట్టాను. కాఫీ కలిపి చూస్తే ఇంట్లో నాయిన లేడు. కిటికీలోంచి చూస్తే తోటలో మొదటి వరస దగ్గర వంగి ఏదో చేస్తున్నాడు. చెప్పులేసుకుని పరుగెత్తాను.

తీగకు నల్లద్రాక్ష గుత్తులు కడుతున్నాడు. నా కుట్టు డబ్బాలోని ఆకుపచ్చ దారంతో, వినాయక చవితికి పాలవెల్లికి పళ్ళు కట్టినంత శ్రద్ధగా, ఆకు చాటుకు ఒక్కొక్కటి. ముందు రోజు నేను ఆఫీసులో ఉండగా ఒక్కడే నడుచుకుంటూ సూపర్‌మార్కెట్‌కు పోయి తెచ్చాడట. ఇంగ్లీషు ముక్క రాని మనిషి, నేను లేనిదే గేటు దాటని మనిషి.

"నాయినా, నీకేమన్నా పిచ్చా? ఏం అనుకుంటరు వాళ్ళు?"

"ఏమన్న అనుకోని. ఆయన చేత్తోటి ఒక్క గుత్తి కొయ్యాలె. గంతే బిడ్డా. గందుకే గదా గంత దూరంకెల్లి వస్తున్నడు." నా వైపు చూడకుండా ముడి వేస్తున్నాడు. ఇంకేం అంటాను, దారం తెంపి ఇచ్చాను.

ఖాళీ ప్లాస్టిక్ సంచి కింద పడి ఉంటే మడిచి జేబులో పెట్టుకోబోతూ దాని మీది అక్షరాలు చదివాను. ఆ ద్రాక్ష చిలీ నుంచి వచ్చింది. పెట్టెల్లో సర్ది ఓడలో వచ్చింది. నాయినా అని పిలిచేలోపు కారు వచ్చి ఆగింది.

చిలీ అన్న సన్నగా, ముసలాయన కన్నా పొట్టిగా ఉన్నాడు. కారు దగ్గరే ఇద్దరూ పట్టుకుని చాలాసేపు విడవలేదు. వాకర్ పక్కకు ఒరిగిపోతే కొడుకు పట్టుకున్నాడు. తర్వాత ముగ్గురూ తోటలోకి వచ్చారు. ఆకుల్లో నల్లగా కనపడిన గుత్తుల్ని చూసి ముసలాయన అడుగు ఆగింది. మా నాయిన వరస చివర చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ముసలాయన ఆయన్ని చూశాడు, నన్ను చూశాడు, కొడుకు చేత షెడ్డులోంచి కత్తెర తెప్పించి తన అన్న చేతిలో పెట్టాడు.

చిలీ అన్న గుత్తిని అరచేతిలో కింది నుంచి ఆనించి పట్టుకున్నాడు, కాయ నలగకుండా. కత్తెర ఆనించబోయి ఆగాడు. వేలితో కాడను తిప్పాడు. కాడ అప్పటికే కత్తిరించి ఉంది, పొట్టిగా, సాఫీగా. గుత్తిలో ఒక్క పాడు కాయ లేదు. దారం ముడి ముట్టుకున్నాడు. ఆయన ముఖం మీద నవ్వు మెల్లగా పోయింది. ముసలాయనతో ఏదో అన్నాడు, ఒకటే వాక్యం. ముసలాయన నాకు ఇంగ్లీషులో చెప్పాడు. "కాడ ఇలా కోసి సర్దేది మేమే అంటున్నాడు."

అప్పుడు ముసలాయన అన్నకు అంతా చెప్పాడు. ఆ మాటలు నాకు రావు కానీ చేతులు అర్థమయ్యాయి. ఒక వేలు చూపించాడు, తర్వాత పది, తర్వాత మా నాయిన వైపు. చిలీ అన్న తల తిప్పి నాయినను చూశాడు, ఉతికిన చొక్కా, ఉన్ని టోపీ, కట్టుకున్న చేతులు. చూసి, మళ్ళీ తీగ వైపు తిరిగి, దారాన్నీ కాడనూ కలిపి కత్తెరతో కోశాడు. కోసి తినడం మొదలుపెట్టాడు. ఒక్కొక్క కాయ, నిలబడే, నాయినకు కనపడేట్టు. జన్మంతా తన చేతులమీదుగా పోయిన కాయను సముద్రం దాటి వచ్చి మొత్తం తిన్నాడు. నేను ఏడుపు ఆపుకోలేక కింద రాలిన ఆకులు ఏరాను.

"ఏమంటుండు బిడ్డా?" అన్నాడు నాయిన అక్కడి నుంచే.

"తియ్యగున్నయంట, నాయినా."

నాయిన గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. దగ్గరికి వచ్చాడు. ఆయన తిరుగు ప్రయాణం అప్పటికి వారంలో ఉంది. కాలి పక్కనే గులాబీ రిబ్బను మేకు, కంచె అవతల ముందే తెచ్చి నిలబెట్టిన పసుప్పచ్చ తవ్వే యంత్రం. సొంత పందిరి కడీలు దగ్గరుండి లారీకెత్తించిన మనిషి, ఆయనకు తెలియక కాదు.

"వచ్చే ఏడు సరిగ్గ కోస్త అని చెప్పు. పది కండ్లు విడుస్త" అని రెండు చేతులూ ఎత్తి పది వేళ్ళూ చాపాడు.

వచ్చే ఏడు ఎక్కడిది నాయినా అని అరవాలనిపించింది. అరవలేదు. ఇంగ్లీషులో ముసలాయనకు చెప్పాను, ముసలాయన వాళ్ళ మాటల్లో అన్నకు చెప్పాడు. చిలీ అన్న కాయలు అయిపోయిన కాడను చొక్కా జేబులో పెట్టుకుని, నాయినకు ఎదురుగా నిలబడి, తనూ పది వేళ్ళు ఎత్తాడు. ఇద్దరూ ముసలాయన వైపు చూశారు. ఆయన చేతులు వాకర్ మీద ఉన్నాయి, ఎత్తలేకపోయాడు.